జీవరాజు పూసిన నానో పూత

అరటితోట రైతు చంద్రరావుకి మర్నాడు రాజమండ్రిలో పొట్టకి సీటీ స్కానింగు. కిరణాలు ఒంట్లోకి దూరి పాడుచేస్తాయని ఎవరో చెప్పగా విని, వెళ్ళాలో మానాలో తేల్చుకోలేక రావులపాలెంలో బుల్లెమ్మ టీ కొట్టు ముందు బల్లమీద కూలబడ్డాడు. ఎదురుగా పెయింటర్ జీవరాజు అప్పటికే కోతలు మొదలెట్టేశాడు.

“మొన్న అణు పరిశోధన చేసేచోట గోడకి రంగేశానండి. మామూలు రంగా? నానో పూత! పిండికన్నా వెయ్యిరెట్లు మెత్తటి లోహపు పొడిని జిగురులో కలుపుతారు. రేడియేషన్ని తట్టుకుంటుందని డబ్బామీదే రాసుంది. ఒక్క చుక్క నా క్యారేజీమీద పడిందండి, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడ్రోజులు కూర వేడి దిగలేదు!”

“పాచిపోలేదా?” అంది బుల్లెమ్మ.

“పాచి లోపలికెళ్ళడానికి దారేదమ్మా? సరే, మిగిలింది బండికి రాశాను. రోళ్ళు పగిలే ఎండలో సీటెక్కితే చలి! మే నెలలో స్వెట్టరు కొన్నానండి! ధవళేశ్వరం బ్యారేజీ మీద డబ్బా ఒలికి, ఓ చుక్క గోదాట్లో పులసకి అంటింది. వలేస్తే వల చిరిగింది, కత్తి పెడితే కత్తి వంగింది. చివరికి అలాగే పులుసులో వేస్తే, పులుసు ఉడికిందిగానీ చేప ఈదుతూనే ఉంది!”

చంద్రరావుకి తల తిరిగింది. గోడ రంగు చేపదాకా ఎలా వచ్చిందో అంతుపట్టలేదు. అయినా లేచిపోబుద్ధి కాలేదు.

“అది విని రాకెట్టువాళ్ళొచ్చారండి. నేనే రెండు కోటింగులు వేశా. ఆ రాకెట్టు సూర్యుడిలోకి దూరి అటుపక్కనించి బయటికొచ్చింది. ముట్టుకుంటే మంచుగడ్డ! ఆ పూత నా ఒంటికీ అంటింది కదా, ఇప్పుడు నాలోకి ఏ కిరణమూ దూరదు!”

చంద్రరావు గ్లాసు పక్కన పెట్టాడు. “జీవరాజూ, అది కాస్త నా పొట్టకి రాస్తావా? రేపు స్కానింగు.”

ఎవరూ నవ్వలేదు.

పక్కబల్ల మీంచి కృపారాణి లేచింది. ఊళ్ళో ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేది ఆవిడే.

“రాజుగారూ, పోయిన గురువారం మీ ఛాతీ ఎక్స్‌రే నేనే తీశానండి. పక్కటెముకలన్నీ ఎంచక్కా పడ్డాయి.”

కొట్టంతా గొల్లున నవ్వింది.

“డబ్బామీద రాసింది నిజమేలెండి. కిరణాలు తగిలినా ఆ రంగు పెచ్చులూడదని దానర్థం. మీకు పూస్తే కిరణాలు ఆగుతాయని కాదు,” అని చంద్రరావు వైపు తిరిగింది. “బాబాయిగారూ, అసలు ఆగిపోతే మీ పొట్టలో ఏముందో ఎలా కనబడుతుందండీ? అవసరమనుకునే డాక్టరుగారు రాశారు. భయముంటే అక్కడే అడగండి, అంతేగానీ మానేయకండి.”

కనబడాలంటే కిరణాలు లోపలికి దూరాలన్నమాట. చంద్రరావుకి పూర్తిగా కాకపోయినా కొంత బోధపడింది.

జీవరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “నిజం చెప్పొద్దూ, ఆ ఎక్స్‌రే గదిలో నాకూ భయమేసిందండి. రేపు మీతో నేనొస్తాను.”

“ఎన్నింటికి బయల్దేరదాం?” అన్నాడు చంద్రరావు.