కబురు చెప్పే పరీక్ష

వైద్య కళాశాలలో పరీక్ష ముగిసిన గది. రెండు కుర్చీలు, మధ్యలో బల్ల, దాని మీద నీళ్ళ గ్లాసు. పరీక్ష పెట్టిన పెద్ద డాక్టరు ఒక కుర్చీలో ఉన్నాడు. రెండోదాంట్లో ఉన్నావిడ రోగి బంధువు వేషం కడుతుంది. డాక్టరు కాబోయే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, మీవాళ్ళు చనిపోయారని ఆవిడకు చెప్పాలి. ఎలా చెప్పారో చూసి ఆవిడే మార్కులు వేస్తుంది.

"సున్నా ఎందుకు వేశారని అడుగుతున్నాను."

"వేశాను సార్."

"వేశారు, కనిపిస్తూనే ఉంది. ఎందుకని."

"ఆ పొట్టి పిల్లకి ఎంత వేశానో చూశారా?"

"చూశాను. పదికి పది. పేరు చెప్పుకోవడం మర్చిపోయింది, నిలబడే 'అమ్మా' అని ఆగిపోయింది, గ్లాసు ఇస్తూ నీళ్ళు మీ ఒళ్ళో పోసింది. దానికి పదికి పది. ఆ సంగతి తర్వాత మాట్లాడదాం."

"ఆ పిల్లకి భయమేసింది సార్. నన్ను చూసి వేసింది, మార్కుల్ని చూసి కాదు."

"తర్వాత అన్నానా. ఇప్పుడు వీడి సంగతి చెప్పండి. క్లాసులో మొదటివాడమ్మా వీడు. మీరు సున్నా వేస్తే ఈ ఏడాది డాక్టరుగా బయటికి పోలేడు. మళ్ళీ ఇక్కడే కూర్చోవాలి."

"తెలుసు."

"తెలిసే వేశారా?"

"తెలిసే వేశాను."

"సరే. నేనూ ఆ గోడకున్న అద్దం అవతల నుంచి చూశాను కదా, ఇద్దరం కలిసి లెక్క చూద్దాం. తలుపు తట్టాడా?"

"తట్టాడు."

"తనెవరో చెప్పుకున్నాడా?"

"చెప్పుకున్నాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని మరీ కూర్చున్నాడు. మోకాలికి మోకాలు జానెడు దూరం."

"మీకు ఇప్పటిదాకా ఏం తెలుసో ముందు అడిగాడా?"

"అడిగాడు."

"చనిపోయారు అన్నాడా, లేక 'ఇక లేరు', 'దక్కలేదు' అంటూ నాన్చాడా?"

"చనిపోయారనే అన్నాడు. మీరు నేర్పినట్టే."

"ఆ తర్వాత నోరు మూసుకుని మిమ్మల్ని ఏడవనిచ్చాడా?"

"ఏడవనిచ్చాడు."

"మీరు ఏడవలేదు."

"లెక్క అయిపోయిందా సార్?"

"అమ్మా. మీరు ఏడవలేదు. వాడి దగ్గరే కాదు, పొద్దుట్నుంచి ఒక్కరి దగ్గరా మీ కంట తడి లేదు."

"రాలేదు సార్."

"మీకా? కుళాయి తిప్పినట్టు ఏడుస్తారని పిల్లలు పేరు కూడా పెట్టుకున్నారు."

"ఏడుపమ్మ."

"మీకు తెలుసా?"

"తెలీకేం. వరండాలో అరుచుకుంటారుగా, ఏడుపమ్మ వచ్చింది, ఏడుపమ్మ వచ్చింది అని. నాటకాల్లో ఇన్నేళ్ళు వేషాలు కట్టినా నాకెవరూ పేరు పెట్టలేదు. నచ్చింది నాకు."

"ఒంట్లో బాగా లేదా? పోయిన వారం కూడా రాలేదు. ఇంట్లో పనుందన్నారు."

"ఉండింది."

"ఏం పని?"

"ఈ నీళ్ళు ఎప్పటివి సార్?"

"పొద్దుటివేమో. దాహంగా ఉందా?"

"లేదు. అందరూ ఇస్తారు. ఇన్నేళ్ళలో ఒక్క గుక్క తాగలేదు నేను. తాగడం నా పాత్రలో లేదు."

"మాట దాటేస్తున్నారు. వాడి మీద మీకేమైనా కోపమా?"

"మంచి పిల్లాడు సార్. ఓసారి మెట్ల మీద నా సంచీ మోశాడు."

"మరి?"

"ఇవాళ నేనెవర్ని సార్?"

"అంటే?"

"ఎప్పుడూ కొడుకు పోయిన తల్లిని కదా. ఇవాళ ఏం వేషం ఇచ్చారు?"

"భర్త పోయిన ఆవిడ. తల్లిది పిల్లలు బట్టీ పట్టేశారని మార్చాను. ముందే చెప్పాను కదా, ఇబ్బందైతే వద్దనమని కూడా అన్నాను. ఏ వేషమైతే ఏం, ఏడుపు ఏడుపేగా అన్నారు మీరు."

"అన్నాను."

"అమ్మా... మీ ఆయన ఎలా ఉన్నారు?"

"లేరు సార్. చనిపోయారు. చూశారా, నేనూ నాన్చలేదు."

"ఎప్పుడు?"

"పోయిన వారం. మన ఆసుపత్రిలోనే, కింది అంతస్తులో. గుండె."

"చావు కబురు ఇంత చల్లగానా చెప్పడం? కింది అంతస్తులో జరిగితే నాకెవరూ చెప్పలేదేంటి?"

"చెప్పడం నేర్పేది మీరు. మీకు చెప్పడం ఎవరు నేర్చుకున్నారు."

"మరి ఇవాళ ఎందుకొచ్చారమ్మా? అసలెందుకొచ్చారు? ఒక్క మాట చెబితే పరీక్షే ఆపేసేవాణ్ణి."

"ఇంట్లో కూర్చున్నాను సార్. వచ్చినవాళ్ళందరూ ఏడ్చి వెళ్తున్నారు. నేను వాళ్ళకి కుర్చీలు వేస్తున్నాను. మా ఆడపడుచు అననే అంది, రాయిలా ఉన్నావేంటి వదినా అని. ఇక్కడికొస్తే వస్తుందేమోననుకున్నాను. అలవాటైన చోటు కదా."

"రాలేదు."

"రాలేదు. పొట్టి పిల్ల నీళ్ళు ఒలకబోసినప్పుడు మాత్రం వచ్చేస్తుందేమో అనిపించింది. అంతే, మళ్ళీ సర్దుకుంది."

"ఆ కబురు... మీకు చెప్పింది వీడేనా?"

"డ్యూటీలో వీడే ఉన్నాడు."

"ఒక్కడే చెప్పకూడదే. పెద్దవాళ్ళు పక్కనుండాలి."

"పెద్దాయన ఇంకో కేసులో ఉన్నారట. నువ్వెళ్ళి చెప్పరా, నీకు బాగా వచ్చుగా అన్నారట."

"మిమ్మల్ని చూసి తడబడి ఉంటాడు, తెలిసిన మొహం కదా."

"ఏం తడబడలేదు. తలుపు తట్టాడు. పేరు చెప్పుకున్నాడు. నాకు, సార్, నాకు పేరు చెప్పుకున్నాడు."

"అలవాటు."

"అలవాటే. కుర్చీ జరుపుకున్నాడు. అదే జానెడు దూరం. మీకు ఇప్పటిదాకా ఏం తెలుసమ్మా అన్నాడు. వాడు ఒక మాట అంటుంటే తర్వాతి మాట నా పెదాల మీదికి ముందే వచ్చేస్తోంది. పక్కనుంచి అందించేదాన్నే, నాటకంలో మర్చిపోయినవాడికి అందించినట్టు. మర్చిపోలేదు మరి."

"అప్పుడు ఏడ్చారా?"

"ఏడ్చాను. ఎక్కడ ఏడవాలో అక్కడ. మొహం చేతుల్లో పెట్టుకున్నాను, కాసేపాగి తలెత్తాను. ఇక్కడ ఎత్తినట్టే. అది మా ఆయన కోసమో, పరీక్ష కోసమో నాకిప్పటికీ తెలీదు. అదొక్కటే ఏడ్చింది. ఆ తర్వాత లేదు."

"చూడండమ్మా. మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ కబురు చేదైతే తెచ్చినవాడి తప్పా? మీరే అంటున్నారు, వేలెత్తి చూపడానికి లేకుండా చెప్పాడని."

"వాడి తప్పని నేనన్నానా?"

"సున్నా వేసి, అనలేదంటారేం."

"ఆ సున్నా వాడొక్కడిదే కాదు సార్. ఇంకో ఏడాది ఉంచండి వాణ్ణి. నా దగ్గర కాదు, నేను రేపట్నుంచి రాను. ఇంకెవరి దగ్గరైనా నేర్చుకోనివ్వండి. చెడ్డవాడు కాడు. ఇంకా చెడిపోలేదు."

"వాడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడ తప్పు చేశానో అడగండి సార్ అని ప్రాణం తీస్తున్నాడు. వాడికి నేనేం చెప్పను?"

"చెప్పినా వాడికి గుర్తుండదు. నోటికి అలవాటై వచ్చిన మాట. నాకూ అప్పుడేం అనిపించలేదు. ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చింది."

"ఏ మాట? ఏమన్నాడు?"

"చెప్పడం అయిపోయింది. నేను ఏడవడం అయిపోయింది. లేచాడు, గుమ్మం దాకా వెళ్ళాడు. ఇక్కడ రోజూ సాధనలో చేసినట్టే వెనక్కి తిరిగి, 'ఎలా చెప్పానమ్మా?' అన్నాడు."

"మిమ్మల్నా?"

"పాపం, నిజంగానే అడిగాడు సార్. మొహంలో ఆ బెదురు కూడా ఉంది, ఎంత వేస్తుందోనని."

"మీరు... మీరేమన్నారు?"

"బాగా చెప్పావు బాబూ, నీళ్ళు కాస్త ముందిస్తే బాగుండేది, అన్నాను. తర్వాతివాళ్ళని పంపించు, అన్నాను. సరేనమ్మా అని వెళ్ళాడు."