పూడ్చిన బావి

శామీర్‌పేట పోలీస్ స్టేషన్, 2002. ఎస్సై హేమచంద్ బల్లకు ఇవతల ఇంటర్ చదివే అశ్రిత, ఆమె తండ్రి భాస్కర్.

"మళ్లీ అడుగుతున్నానమ్మా. నీ కథలో ఆ పిల్ల పటేల్‌ని పారతో కొట్టి చంపుతుంది. ఎందుకు?"

"వాళ్ల నాయిన బావిల ఉండంగనే మట్టి పోయిపిచ్చిండు సార్."

"ఎవరు?"

"కథల పటేల్."

"అలియాబాద్ గండయ్య పటేల్ అది తననే అంటున్నారు. మీ కాలేజీ మ్యాగజైన్ పట్టుకొచ్చి, ప్రాణభయం ఉందని ఫిర్యాదు ఇచ్చారు."

"నేను పేరు రాయలే సార్."

"తూంకుంటలో బావి పూడ్చి ప్లాట్లు వేసింది ఆయనే కదా?"

"గీ రోడ్డు మీద బావి పూడ్వనోళ్లు ఎవలున్నరు సార్?"

"నోరు ముయ్యే! సార్, చిన్నపిల్ల. తెల్వక రాసింది. మీ కాళ్లు మొక్కుత."

"లేవయ్యా భాస్కర్. అశ్రితా, ఎవరు రాయించారు? అడవిలో అన్నలా?"

"అన్నలెవలు సార్? తెలుగు మేడం రాయమన్నది. ఫస్ట్ ప్రైజ్ గూడ ఇచ్చిన్రు."

"ప్రైజా?"

"స్టీలు టిపిను డబ్బ."

"నవ్వకు. కేసు రాశానంటే వచ్చే నెల పరీక్షలు ఉండవు."

"నవ్వలే సార్."

"సార్, గంత మాట అనకుండ్రి. మా ఇంట్ల ఇంటర్ దాక వచ్చింది గిదొక్కతే. పటేల్ ఇంటికి పోయి మాఫీ అడుగుతది."

"నేనడుగ నాయినా. నేనేం జేసిన?"

"అడుగుతవు!"

"ఆయన ట్రాక్టర్ నడిపేది నువ్వే కదూ, భాస్కర్?"

"అవు సార్. చానేండ్ల సంది."

"పిల్లకి నువ్వే చెప్పావని ఆయన అనుమానం."

"నేనా? అయ్యో, నేనెవలికి చెప్పలే సార్. మా ఇంటిదానికే చెప్పలే."

"ఏం చెప్పలేదు?"

"గదే సార్. చెప్పనీకి ఏమున్నది?"

"మరి అమ్మా, కథలో ఆ పిల్ల తండ్రి పాలమూరు కూలీ అని, బావిలో మోటారు పైపులు తియ్యడానికి దిగాడని ఎలా రాశావు?"

"పాలమూరోళ్లు కనవడకుంటే ఎవలు అడగరు గద సార్. గందుకు."

"అంతేనా?"

"ఇంకోటి మా అవ్వ చెప్పింది. బావి పూడ్చేముందు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాలెనట. నా కథల పటేల్ జల్దీ జల్దీ అని కాయ కొట్టనియ్యడు. కొట్టనిస్తే ఎవలన్న లోపలికి తొంగి సూద్దురు. మనిషి బతుకుతుండె."

"అంటే అంతా ఊహే."

"ఊహనే సార్."

"ఇన్నరా సార్? ఉత్తదే. తూంకుంటల మేం కాయ కొట్టకుండ మట్టి పొయ్యలే. నా చేతులతోనే కొట్టిన. వంగి సూసిన గూడ. గప్పుడు బావిల ఎవ్వలు లేరు."

"అయితే కథకీ, ఆ బావికీ సంబంధం లేదు."

"లేదు సార్. మా అవ్వ మీద ఒట్టు."

"సరే. పటేల్‌కి నేను చెబుతాను. పిల్లని తీసుకెళ్లు."

"దండం సార్. సల్లగుండాలె మీరు. నడువే అశ్రితా, లే. ఏందట్ల సూస్తవు? సార్ పొమ్మన్నడు గద. నడువు."

"నాయినా, కాయ కొట్టినంక ఎవలు దిగిన్రు?"