ఎవరికీ అక్కర్లేనివి

ఆదివారం ఉదయం. ముందు గదిలో అక్క, తమ్ముడు. లోపలి గదిలో మాట పడిపోయిన తండ్రి. ఆయన బదులు మాట్లాడే లాప్‌టాప్ ఇప్పుడు తమ్ముడి ఒళ్ళో ఉంది.

"అసలేం తీశావురా నువ్వు?"

"చెప్పాను కదక్కా. అక్కర్లేనివే తీశాను."

"అక్కర్లేనివి తీస్తే నాన్న మాటెందుకు పోయింది?"

"డిస్కు నిండిపోయింది. నిన్న లాప్‌టాప్ తెరుచుకోవడానికే మొరాయించింది. వీడియోలు కత్తిరించే ప్రోగ్రాం ఒకటుంటే, ఎవరూ వాడటం లేదు కదా అని తీసేశాను."

"తరవాత?"

"తరవాత సిస్టమే అడిగింది. ఇంకొన్ని ఉన్నాయి, వేరేవాటి కోసం వచ్చినవి, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, తీసేయమంటావా అని."

"నువ్వు తీసేయమన్నావు."

"ఈ లినక్సు సిస్టమ్‌లో అందరూ చేసేదే అక్కా. ఆఫీసులో నా పనే అది."

"ఏమేం పోతున్నాయో చదివావా?"

"పైపైన."

"పైపైన."

"అందులో శబ్దం పలికించేది ఒకటుంది. నాన్న మాట కోసం బావ రాసిన ప్రోగ్రాముకి అదే ఆధారం. కానీ బావ తన ప్రోగ్రాముని అందరిలా సిస్టమ్ ద్వారా పెట్టలేదు. సొంతంగా రాసుకుని ఓ మూల పెట్టాడు. సిస్టమ్ లెక్కలో అసలది లేనేలేదు. లెక్కలో లేనిదానికి ఏం కావాలో దానికెలా తెలుస్తుంది?"

"దానికి తెలీదు, సరే. నీకు తెలుసుగా."

"తెలుసు. గుర్తు రాలేదు."

"ఊఁ."

"పోనీ తిట్టక్కా."

"తిడితే వస్తుందా? తీసింది మళ్ళీ పెట్టు."

"పెట్టాను. కొత్తది వచ్చింది. బావ రాసింది పాతదానికి కొలత పెట్టి కుట్టినట్టుంది, దీంతో పలకడం లేదు. పాతది ఎక్కడా దొరకడం లేదు."

"మరి నాన్న?"

"వేరే గొంతు పెట్టేస్తాను. రెడీమేడ్‌వి బోలెడున్నాయి. ఎంతసేపని."

"వద్దు."

"నాన్న వద్దంటాడా?"

"నాన్న సంగతి నాకు తెలీదు."

"మరి?"

"వద్దన్నాను కదరా."

"అక్కా, అది బావ గొంతు. ఆయనే చదివి రికార్డు చేసి పెట్టింది. మీరిద్దరూ విడిపోయి రెండేళ్ళు. నీళ్ళు కావాలన్నా, దుప్పటి కప్పమన్నా, ఈ ఇంట్లో రోజూ ఆ గొంతే. నీకెలా ఉంటుందోనని నేను చాలాసార్లు..."

"ఎలా ఉంటుంది? నాన్న నీళ్ళడిగినట్టు ఉంటుంది. వెళ్ళి ఇస్తాను."

"అంతేనా?"

"అంతే. ఒక్కోసారి, చెయ్యి కాలినట్టుంది, మందు రాసుకున్నావా అంటాడు. రాసుకుంటాను."

"లోపల ఆ చప్పుడేంటి?"

"గ్లాసుతో మంచం కోడు కొడుతున్నాడు. పొద్దుట్నించీ అదే."

"వెళ్ళి చూడనా?"

"చూసొచ్చాను. నీళ్ళు కాదు. దుప్పటీ కాదు. ఏమిటో అర్థం కాలేదు. నువ్వు పని కానివ్వు."

"నా వల్ల కాదక్కా. అసలు కోడ్ బావ దగ్గరే ఉంది. ఆయనే కూర్చుని, కొత్తదానికి సరిపడేలా మళ్ళీ కట్టాలి."

"ఊఁ."

"సాయంత్రానికి ఏదో ఒకటి చేస్తాలే. నువ్వు బజారుకు వెళ్ళాలి కదా, వెళ్ళిరా."

"ఇవాళ బజారు పనేం లేదు."

"ప్రతి ఆదివారం వెళ్తావుగా."

"వెళ్తాను."

"మరి వెళ్ళు. నేనున్నాగా. కూరలూ అవీ చూసుకుని నెమ్మదిగానే రా."

"నన్నెందుకురా అంత తరుముతున్నావు?"

"నేనా? తరమడం ఏంటి?"

"నీకు అబద్ధం చిన్నప్పట్నించీ అతకదు. చెవులు ఎర్రబడతాయి."

"అక్కా, నేను..."

"నేను తిరిగొచ్చేసరికి నాన్న మంచం పక్కన కుర్చీ ఉంటుంది. నాన్నకి గడ్డం గీసి ఉంటుంది, నున్నగా. నీ గడ్డమే నువ్వు సరిగ్గా గీసుకోలేవు."

"ఎప్పట్నించి తెలుసు?"

"మొదటి వారం నుంచే. మన ముగ్గురి వంటకి బజారులో అంతసేపు నాకేం పనిరా? బస్టాపులో కూర్చుంటాను. మీ బావ వెళ్ళిపోయి ఉంటాడనిపించాక లేస్తాను."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు చెప్పావా?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఫోన్ చెయ్. నువ్వేం తీశావో చెప్పు. ఇవాళ నేను ఇంట్లోనే ఉంటానని కూడా చెప్పు. అయినా వస్తానంటే, రమ్మను."