లెంగ్ సుఫెన్ గారు: ముప్ఫై ఎనిమిదేళ్ల సేవ, ఒక్క అబద్ధం

1947 సెప్టెంబరు 3వ తేదీన, పదిహేడేళ్ల ప్రాయంలో, శ్రీమతి లెంగ్ సుఫెన్ గారు ఫూ నది ఒడ్డునున్న మన ఆసుపత్రిలో నర్సు శిక్షణకు చేరారు. ఆయుధం పట్టక, పూజారి లేక, మౌనంగా కూర్చుని ప్రార్థించే క్వేకరు మిషనరీలు అప్పటికి అర్ధశతాబ్దం క్రితం నెలకొల్పిన ఆ వైద్యాలయంలో, కాన్పుల విద్యను ఆమెకు చేయిపట్టి నేర్పినవారు మిస్ వినిఫ్రెడ్ కోప్. ఊరివారికి కోప్ దొరసాని.

1951లో కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వపు ఆజ్ఞతో విదేశీయులు దేశం విడవవలసి వచ్చినప్పుడు, ఆసుపత్రి ప్రాంగణంలో కోప్ దొరసానిని అందరి ముందూ నిలబెట్టి నిందారోపణ సభ జరిపారు. తానూ నిందించకపోతే కొలువు పోతుందని, ఇంటివారికి ముప్పు తప్పదని భయపడిన సుఫెన్ గారు లేచి, "పసిపిల్లల పాలు ఈవిడ తన పిల్లికి పోసింది!" అన్నారు. దొరసాని ఏనాడూ పిల్లిని పెంచలేదు. సభలో అందరికీ ఆ సంగతి తెలుసు. అయినా చప్పట్లు మోగాయి. దొరసాని శిష్యురాలిని ఒకసారి చూసి, తల వంచారు.

మరునాడు పడవ ఎక్కేముందు ఆమె వార్డుకు వచ్చి, "నాలుగో మంచం ఆమెకు కవలలు. రెండో బిడ్డ అడ్డం తిరిగింది. కంగారు పడకమ్మా, నీకు చేతనవుతుంది," అని మాత్రం చెప్పి వెళ్లారు. సుఫెన్ గారు నాలుగో మంచం దగ్గరికి నడిచారు. ఇద్దరు బిడ్డలూ బతికారు. ఆమె రేవుకు పరిగెత్తేసరికి పడవ మలుపు దాటిపోయింది.

1962లో ప్రసూతి విభాగాధిపతి అయిన సుఫెన్ గారి కరుణా, గద్దింపూ జిల్లా అంతటా ప్రసిద్ధం. "ఆడపిల్లని మొహం వేలాడేస్తావేం? పో, బాలింత ఒంటికి బలం రావాలి, పెళ్లానికి పులిసిన అన్నంలో గుడ్డు ఉడికించి పట్రా!" అని ఆమె చేత తిట్లు తినని తండ్రి అరుదు. 1981 వరదల్లో పదకొండు మంది బాలింతలను తలుపు చెక్కలపై మేడకు చేర్పించారు.

విదేశాలకు రాయడం సాధ్యమయ్యాక కూడా నాలుగేళ్లు వెనుకాడి, 1983లో ఆమె ఇంగ్లండుకు క్షమాపణ లేఖ రాశారు. జవాబు దొరసాని మేనకోడలు రాసింది. లేఖ చేరేనాటికి కోప్ గారు కన్నుమూసి పదకొండు రోజులట.

ఈ వ్యాసం రాస్తున్న మందుల విభాగపు మౌ దెలిన్ మొదటి ప్రతిలో ఆ అబద్ధం సంగతి లేదు. చదివి సుఫెన్ గారు కాగితం తిరిగిచ్చేసి, అదీ రాయమన్నారు.

"అక్కా, ఇది పదవీ విరమణ అభినందన సంచిక! మీ ఇంట్లోవాళ్లు కూడా చదువుతారు," అన్నాడు దెలిన్.

"చదవనీరా. ఆరోజు అందరి ముందూ అన్నాను. ఇదీ అందరి ముందే పడాలి."

ఆమె కోరినట్లే అచ్చువేశాం. ఈ మాట బయటపెట్టిన ఆ మనసుకు ఇకనైనా కంటినిండా నిద్ర దక్కాలనీ, ఎందరికో ఊపిరి పోసిన సుఫెన్ గారు ఆరోగ్యంతో నిండు నూరేళ్లూ మన మధ్య ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.