ఇసక నేల

గంగ ఒడ్డున షాలిమార్ గోడౌను ముందు యుద్ధానికని పేర్చిన ఇసక బస్తాలు కడుపులు చీలి ఖాళీగా పడి ఉన్నాయి. కాపలాదారుకు పై ప్రాణం పైనే పోయింది. ఇంటికి పరుగెత్తేసరికి పెరట్లో అత్తగారు మొక్కలకు నీళ్లు పోస్తోంది.

"అత్తా, దొంగ దొరక్కపోతే బడోబాబు నా నౌకరీ పీకేస్తాడు!"

"యుద్ధం అయిపోనాది కదా బాబూ. ఇంకా ఇసకెందుకు?"

"అదడగడానికి నానెవుడ్ని? అవునుగానీ, మన పెరటి మన్నేటి ఇంత గుల్లయిపోనాది?"

"వేరుశెనగ ఊడలు నేల్లోకి దిగితేనే కాయ. ఈ గంగొడ్డు బంకమన్ను దిగనిస్తాదేటి?"

"అత్తా... నువ్వు గానీ..."

"మన సీకాకుళం ఇసక నేల ఇక్కడ సేసుకున్నాను. బస్తాలు నానే కోసినాను, కుండల్తో నానే మోసినాను. మీ బడోబాబుకి సెప్పు. కాయ ఊరినాక వొచ్చి ఆ ఇసక పట్టుకెళ్లమను!"