హాలిస్ గారి నాలుగు టైర్లు

ఉదయం పదయ్యేసరికి లైల్ టైర్ల షాపులో కాఫీ మరిగి మరిగి తారులా తయారవుతుంది. అయినా తాగేవాళ్ళు తగ్గరు. మోంటానాలో ఆ మూలనున్న గొడ్లవాళ్ళంతా పశువులకి మేత వేసేసి, ఏదో ఒక పని చెప్పుకుని అక్కడికి చేరతారు. అందరికంటే ముందొచ్చేదీ, ఆఖర్న లేచేదీ హాలిస్. కిటికీ పక్క కుర్చీ ఆయనదని ఎవరూ రాసివ్వలేదు కానీ, అందులో ఇంకెవరూ కూర్చోరు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఎవరి పికప్‌కి టైర్లు మార్చాలన్నా హాలిస్‌ని ఒక మాట అడగడం రివాజు. ఈమధ్య అది తప్పింది. కుర్రకారు ఫోన్లో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసింది చదివి కొనేస్తున్నారు. మొన్న స్వయానా అక్క మనవడే ఆయన్ని అడక్కుండా వేయించుకున్నాడు. ఆ మంట హాలిస్‌కి ఇంకా చల్లారలేదు. అందుకే ఆవేళ ఆ ఊరి పిల్ల కెల్సీ ఫోన్ పట్టుకుని లోపలికొచ్చి, "లైల్, సోమవారం నుంచి నా బండిమీద టపా పంచాలి. అరవై మైళ్ళు మట్టిరోడ్డు. ఏం టైర్లు వేస్తావ్?" అనగానే ఆయన కప్పు కింద పెట్టేశాడు. ఈ పిల్ల తన మాట వింటే చాలు, ఊళ్ళో పోయిన పరపతి మళ్ళీ వచ్చినట్టే.

"ముందు ఆ ఫోను లోపల పెట్టమ్మా. దానికేం తెలుసు? అదెప్పుడైనా బురదలో దిగిందా?"

"రెండుసార్లు దిగింది అంకుల్. రెండోసారి చచ్చిపోయింది. ఇది కొత్తది."

పక్కనున్న ఎమెట్ పగలబడి నవ్వాడు. హాలిస్ వాడి వైపు చూడను కూడా లేదు.

"విను. ఒట్టి బురద టైర్లు కొనకు. చూడ్డానికి సింహాల్లా ఉంటాయి, గడ్డకట్టిన రోడ్డెక్కితే జారుడే జారుడు. వెడల్పువి అసలొద్దు, మంచుమీద తేలిపోతాయి. అన్ని దారులకీ పనికొచ్చేవి, కాస్త సన్నటివి, పది పొరల బలమున్నవి తీసుకో. కంకరకి పక్కలు చిరగవు. బయట నా బండికున్నవి అవే. వేయించి మూడేళ్ళు."

లైల్‌కి కాఫీ పొలమారింది. ఎవరూ పట్టించుకోలేదు.

"కిందటేడు మే నెలలో మూడు రోజులు ముసురు. మన జిగట మట్టి సంగతి తెలుసుగా, కుక్క రోడ్డు దాటితే అవతలకి చేరేసరికి దూడంత అవుతుంది. అలాంటి రోడ్డుమీద వెనకాల గడ్డి చుట్టలు రెండేసుకుని పన్నెండు మైళ్ళొచ్చాను. నాలుగు చక్రాలూ లాగే గేరు కూడా వెయ్యలేదు."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు ఎమెట్.

"నమ్మక చస్తావా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కౌంటీవాళ్ళ రోడ్డు చదును చేసే బండి, ఇరవై టన్నులది, ఇరుసుల దాకా కూరుకుపోయి ఉంది. డ్రైవరు దానిమీదెక్కి ఇక ఇదే ఆఖరి భోజనమన్నట్టు శాండ్‌విచ్ తింటున్నాడు. గొలుసు తగిలించాను. ఇలా కాలు ఆనించానో లేదో, సీసాలోంచి బిరడా ఊడినట్టు ఊడొచ్చేసింది."

"గొలుసు తెగలేదా?" అన్నాడు ఎమెట్.

"తెగేదే. దానికి టైమిస్తేగా!"

కెల్సీ పెదాలు బిగించి నవ్వాపుకుంది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. హాలిస్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"అక్కణ్ణుంచి మసల్‌షెల్ నది దగ్గరికొచ్చాను. అది పొంగి వంతెన కొట్టుకుపోయింది. వెనక ట్రైలర్లో పదకొండు ఆవులు..."

"ఇందాక గడ్డి చుట్టలన్నావ్!" ఎమెట్ అందుకున్నాడు.

"గడ్డి బండిలో, ఆవులు ట్రైలర్లో. నీకు అడ్డుపడ్డం తప్ప ఇంకో పని లేదా? ఇంటిదగ్గర మా ఆవిడ వండిన మాంసం కూర చల్లారిపోతోంది. దింపేశాను నదిలోకి! నీళ్ళు బానెట్ మీదికొచ్చాయి, అద్దం మీదికొచ్చాయి, టాపు మీదికొచ్చాయి. టైర్లు మాత్రం అడుగునేల వదిలితే ఒట్టు. కిటికీ పక్కన ఒక చేప నాతోపాటే వస్తోంది. నేను గేరు మార్చినప్పుడల్లా అదీ వేగం పెంచింది."

"మరి ఆవులు?" అంది కెల్సీ.

"దిగినప్పుడు పదకొండు, గట్టెక్కేసరికి పన్నెండు. మధ్యలో ఒకటి ఈనింది."

కెల్సీ ఫోను జేబులో పెట్టేసింది. అది చూసి హాలిస్ గుండె పొంగిపోయింది. అక్కడితో ఆపేస్తే గౌరవంగా ఉండేది. కానీ గెలుస్తున్నవాడు ఆట మధ్యలో లేస్తాడా?

"అసలు కథ గట్టెక్కాక మొదలైంది. ఎదురుగా నిట్టనిలువు గుట్ట. మొత్తం బలం పెట్టి తొక్కాను. టైర్లు నేలని ఎంత గట్టిగా పట్టాయంటే, బండి ముందుకి పోలేదమ్మా, నేలే వెనక్కి జరిగింది! నేను ఉన్నచోటే ఉన్నాను. గుట్ట నా కిందనుంచి వెనక్కెళ్ళింది. దాని వెనకాల కంచెలు, ఎమెట్ వాళ్ళ పశువుల కొట్టం, చర్చి వరసగా వెళ్ళాయి. మా ఇంటి మెట్లు బంపరు దగ్గరికొచ్చాక గానీ నేను బ్రేకు వెయ్యలేదు. కూర ఇంకా వేడిగానే ఉంది!"

"అందుకా మా గేటు గొళ్ళెం గుంజకి అందట్లేదు!" అన్నాడు ఎమెట్.

"అందుకే మరి! కౌంటీ మొత్తం మూడు గజాలు జరిగింది. సర్వేవాళ్ళొచ్చి కొలుచుకుని, నోరెత్తకుండా పోయారు."

కెల్సీ లేచి, "ఆ టైర్లొకసారి చూసొస్తా," అంటూ బయటికెళ్ళింది. హాలిస్ కిటికీలోంచి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూచుంది, బొటనవేలు తడి చేసుకుని టైరు పక్క ఏదో రుద్దింది. మిగతా మూడింటి చుట్టూ కూడా తిరిగొచ్చింది. ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారని ఆయన మురిసిపోయాడు.

ఆమె లోపలికొచ్చి తలుపు వేసింది.

"లైల్, కొత్త టైర్లమీద తెల్ల అక్షరాలు మాయకుండా నీలం పూత ఒకటి పూసి పంపుతారు కదా, అదెన్నాళ్ళుంటుంది?"

లైల్ హాలిస్ మొహం చూశాడు, పైకప్పు చూశాడు, తప్పించుకునే దారి కనపడలేదు. "ఎన్నాళ్ళేంటి, బకెట్ నీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దితే పోతుంది. రెండు మంచి వానలు పడినా చాలు."

కెల్సీ బొటనవేలు ఎత్తి చూపించింది. నీలంగా ఉంది.

"నాలుగింటికీ ఇలాగే ఉంది అంకుల్. మూడేళ్ళ నుంచీ!"

ఎమెట్ టేబులు మీద తలపెట్టేసి నవ్వుతున్నాడు. హాలిస్ చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గు కంటే దుఃఖం ఎక్కువైంది ఆయనకి. నదీ గుట్టా మాట ఎలా ఉన్నా, ఏ టైర్లు కొనాలో చెప్పింది మాత్రం నిజమే. అది కూడా ఇప్పుడు గాలికి పోయింది. ఈ పిల్ల మళ్ళీ ఫోను తీస్తుంది.

ఆమె చెయ్యి జేబులోకి వెళ్ళనే వెళ్ళింది. కానీ బయటికొచ్చింది బండి తాళాలు. వాటిని లైల్‌కి విసిరి అంది:

"నాకూ అచ్చం అవే నాలుగు వెయ్యి. వరదలో నది అడుగున నడిచొచ్చినా తడవని టైర్లు, నాకు ఇంకెక్కడ దొరుకుతాయి?"