పంతొమ్మిదేళ్ళకి పద్నాలుగు గోల్స్

బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరితోటలో నూకమ్మ ఇల్లు. ఆదివారం పొద్దున కౌలాలంపూర్ నుంచి కారులో వచ్చిన మనవరాలు దర్షిణి, వంటగది గుమ్మంలో కూర్చుని, నానమ్మ చేతికి ఒక ఫోటో ఇచ్చి పెళ్ళిమాట ఎత్తింది.

“పేరేటన్నావు?”

“ఏరో.”

“ముసల్దాన్ని పట్టుకుని ఏరో అంటావేటే? పేరు అడిగినాను.”

“పేరే అది అవ్వా. ఏరో. ఫిన్లాండ్ల అలాగే పెడతారు.”

“ఇంటికొచ్చిన పెళ్ళికొడుకుని ‘ఏరో, బువ్వ తిన్నావా’ అని పిలవాలా నాను? ఇన్నోళ్ళు ఏటనుకుంటారు?”

“ఆయనకి తెల్దులే. మురిసిపోతాడు.”

“పనేటి?”

“కౌలాలంపూర్ మాల్‌ల మంచు మైదానం ఉంది కదా, అక్కడ మాకు ఐస్ హాకీ నేర్పుతాడు. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు జీతానికి ఆడినాడు. డిఫెండరు.”

“మంచు మీద ఆటేటి?”

“కాళ్ళకి కత్తుల్లాటి బూట్లు కట్టుకుని జారతారు. సేతిల కర్ర. ఒకల్నొకలు గుద్దుకుంటారు.”

“కాళ్ళకి కత్తులు కట్టి వొదిలీడానికి ఆళ్ళేటి, పుంజులా?”

“నవ్వించకు అవ్వా, ముందు ఇను. రబ్బరు బిళ్ళ ఒకటుంటాది, రాయంత గట్టి. దాన్ని అవతలోళ్ళ గోల్‌లోకి కొట్టాల.”

“రబ్బరా? సుంగై సిపుట్ తోటల పదేళ్ళు రబ్బరు సెట్లు గీసినాను నాను. మా సేత పాలు తీయించింది ఇందుకా? సర్లే, ఎన్ని కొట్టినాడు?”

“పద్నాలుగు.”

“రోజుకా?”

“పంతొమ్మిదేళ్ళకి.”

“పంతొమ్మిదేళ్ళకి పద్నాలుగా? జీతమిచ్చి ఎలాగుంచుకున్నారే ఆణ్ణి?”

“ఆయన పని కొట్టడం కాదు అవ్వా, ఆపడం. అవతలోడు కొట్టిన బిళ్ళకి అడ్డం పడాల. ఒంటితోటి.”

“అందుకేనా, ఫోటోల నోరలగుంది?”

“ముందుపళ్ళు మూడు పోయినాయి. దవడ రెండుసార్లు ఇరిగింది. పద్దెనిమిదో ఏట సొంతూరు టీములో సేరినాడు. మద్దెల స్వీడన్‌ల ఆరేళ్ళు. మళ్ళీ సొంతూరికే వొచ్చి కెప్టెనయినాడు.”

“వయసు?”

“పళ్ళు కట్టించుకున్నాడులే అవ్వా.”

“పళ్ళ మాట కాదు, వయసెంత?”

“నలభయ్యారు.”

“నలభయ్యారు. నీకు ఇరవైమూడు.”

“వయసు సరిపోద్ది.”

“ఎలా సరిపోద్దే? మీ నాన్న బతికుంటే ఆడి ఈడు.”

“అవును. సరిగ్గా ఆ ఈడే.”

“అవునంటావేటి, సిగ్గునేకుండా? మీ యమ్మకి తెల్సా?”

“తెల్సు.”

“ఏటంది సుగంధి?”

“ఏటీ అన్నేదు. నన్ను దింపడానికి వొచ్చినప్పుడల్లా ఆయనకి సాంబారు కట్టి తెస్తాది.”

“దాని బుర్రేటయింది? సరే. మనిసి మంచోడా? అది సెప్పు.”

“ఒకటి సెప్తాను, నువ్వే సూడు. ఆయన ఆడిన ఆకరి ఏడు. ఫైనలు. సొంతూర్ల ఎనిమిదివేలమంది జనం. ఇంకో మూడు నిమిసాలుంది. అవతలోడు కొట్టినాడు. ఈయన కాలు అడ్డం పెట్టినాడు.”

“ఆగిందా?”

“బూటుకి తగిలి, తిరిగి, తన గోల్‌లోకే ఎల్లిపోయింది.”

“తన దాన్లోకేనా?”

“తన దాన్లోకే. ఓడిపోయినారు.”

“ఓలమ్మా. నవ్వినారా ఊరోళ్ళు?”

“నెల్లాళ్ళు. పేపర్ల కూడా ఏసినారు.”

“ఇంట్ల దాక్కున్నాడా?”

“నేదు అవ్వా. మర్నాడు ఏడింటికి సిన్నపిల్లలకి ఆట నేర్పాల. ఎల్లినాడు. ఓ ఆరేళ్ళ పిల్ల అందరి ముందూ అడిగిందంట, నిన్న ఓడగొట్టింది నువ్వే కదా అని.”

“ఏటన్నాడు?”

“‘నానే. ఇటు రా, కాలు ఎక్కడ పెట్టకూడదో సూపిస్తాను’ అన్నాడంట.”

“ఎక్కడ పెట్టకూడదో సూపిస్తాడా! హహ్హహ్హ!”

“నవ్వుతున్నావా అవ్వా?”

“మీ తాత అప్పలసామి కొబ్బరికాయ గురి తప్పి ఇసిరి తోట మేనేజరు కారు అద్దం పగలగొట్టినాడు. మూడ్రోజులు మంచం కిందే. బువ్వ కూడా అక్కడికే తోసేదాన్ని.”

“నిజంగానా?”

“మరేటి. ఈడు మేలు.”

“అయితే ఒప్పుకుంటావా?”

“పళ్ళు నేకపోతే పోయినాయి. వయసు ఎక్కువైతే అయింది. తప్పు సేసి, మర్నాడే అందరికీ మొకం సూపించినోడు ఇంట్ల కూడా అబద్దమాడడు. ఒప్పుకున్నాను. సేసుకో.”

“మళ్ళీ మాట మార్సవు కదా?”

“నాను మార్సను.”

“అవ్వా, సేసుకునేది నాను కాదు.”

“మరెవలే?”

“అమ్మ.”

“సుగంధా?”

“అవును అవ్వా. నువ్వు వొద్దంటే సేసుకోదంట. నాన్న పోయినా నువ్వే అత్తవంట. దిగి నీకు మొకం సూపించడానికి బయమేసి కార్లోనే కూకుంది.”

“ఎంతసేపట్నించి?”

“మనం మాటాడినంతసేపూ.”

“ఎండల? ఎల్లి తోలుకురాయే. నా కొడుకు కోసం ఆరేళ్ళు ఏడిసింది సాలు, ఇంక నన్ను సూసి ఏడవొద్దని సెప్పు.”